సబ్బుకు పోని రంగు

గద్వాలలో మా వీధి మలుపు తిరగగానే ఉడుకుతున్న రంగునీళ్ల వాసన తగిలితే ఇవాళ్టికీ నా ముక్కు సంతోషిస్తుంది గానీ, గుండెలో చిన్న దడ పుడుతుంది. నాన్న మగ్గం చప్పుడు, అమ్మ రాట్నం, నేనూ చెల్లెలు లావణ్యా పోటీపడి చుట్టిన కండెలు, ఎండాకాలం గంపతో దిగే కొల్లాపూర్ మామిడిపళ్లు, దసరాకు రొట్టె, బెల్లం కలిపి చేసే మలీద ముద్దలు, యాటకూర వండిననాడు ఎముక లోపలి గుజ్జు జుర్రుకునే మూలుగ బొక్క కోసం ఇద్దరం జుట్లు పట్టుకునే కొట్లాట, రంగులో ముంచి ఆరేసిన, తడి ఆరని పట్టుదారం చిలపల కింద దూరి ఆడే దాగుడుమూతలు, ఆట ముగిసేసరికి మోచేతులదాకా అంటిన ఎరుపూ ఊదా రంగులూ, ఇదీ మా బాల్యం. నేత ఇంటి పిల్లల ఒంటిమీద మరకలుంటే ఎవరికీ వింత కాదు.

నాకు తొమ్మిదేళ్లు, దానికి ఆరేళ్లు ఉన్న ఎండాకాలంలో చెల్లెలి కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లేలే అనుకుంటుండగానే, వారం తిరక్కుండా పిల్ల మత్తులోకి జారిపోయింది. లివర్ పూర్తిగా చెడిపోయిందనీ, ఎందుకు చెడిందో తమకూ అంతుపట్టలేదనీ హైదరాబాద్ దవాఖానలో చెప్పారు. అమ్మ తన లివర్లో ముక్క ఇచ్చింది. ముగ్గులో చుక్క తప్పితేనే పొద్దంతా సణిగే మా అమ్మ, కడుపు మీద అంత పొడుగు కుట్ల గురించి ఒక్క మాటా అనలేదు.

చెల్లెలు ఇంటికొచ్చి కాస్త బొద్దుగా కూడా అయింది. వానలు మొదలయ్యాక ఒకరోజు దాని కాళ్లమీద ఊదారంగు చుక్కలు కనిపించాయి.

"మళ్ల చిలపల కింద దూరినవా? రా, సబ్బు పెడ్త" అని అమ్మ దాన్ని స్నానాలు చేసే జాలారి దగ్గర కూర్చోబెట్టింది.

సబ్బు అయింది, శెనగపిండి అయింది, కొబ్బరినూనె అయింది. మూడు రోజులు రుద్దాం, నేనైతే పీచు పెట్టి మరీ రుద్దాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నాలుగో రోజు నాన్న మగ్గం గుంటలోంచి లేచొచ్చి, దాని కాలు ఒళ్లో పెట్టుకుని చూశాడు.

"ఇది మన రంగు గాదు. లోపటి నుంచి వచ్చింది. నడువుండ్రి, దవాఖానకు పోదం" అన్నాడు.

రంగుల మధ్యే పుట్టిపెరిగిన ఆ కళ్లకు దండం పెట్టాలి. ఎముకల్లో రక్తాన్ని తయారుచేసే మూలుగ పని మానేసిందని పిల్లల డాక్టరమ్మ చెప్పింది. లివర్ ఇలా చెడిన పిల్లల్లో కొందరికి తర్వాత ఇదీ వస్తుందట. ఎక్కించిన రక్తం నిలవలేదు, మందులు పనిచేయలేదు. మూలుగ మార్చకపోతే చెల్లెలు బతకదు. ఇంట్లో అందరిలో నాదొక్కటే సరిపోయింది.

అమ్మానాన్నల సంతకాలు అయిపోయాక కూడా ఆ డాక్టరమ్మ నా ముందు స్టూలు వేసుకుని కూర్చుని, "నీకిష్టమేనా? భయమైతే భయమని చెప్పు" అని అడిగింది. నా జడకు ఏ రిబ్బన్ కట్టాలో కూడా అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు.

"బొక్క పలగ్గొట్టి తీస్తరా, మేడమ్?" అన్నాను.

ఆమె నవ్వలేదు. నేను నిద్రలో ఉండగా నడుము వెనక ఎముకలోంచి సూదితో కొంచెమే తీస్తారనీ, నాది మళ్లీ ఊరుతుందనీ ఓపికగా చెప్పింది. అంత పెద్ద డాక్టరు చిన్నపిల్లకిచ్చిన ఆ మర్యాదను నేను చచ్చేదాకా మరవను. తీస్కోండ్రి అన్నాను.

నాకు నాలుగు రోజులు నడుము సలిపింది, అంతే. అసలు పోరాటం చెల్లెలిది. జుట్టంతా ఊడి, నోరంతా పుండ్లై, క్రిములు సోకుతాయని బతుకమ్మకు కూడా ఒక్క పువ్వును రానివ్వని అద్దాల గదిలో పడుకుని, ఇవతల నిలబడ్డ నన్ను చూసి నాలుక చాపి వెక్కిరించేది. అంత ధైర్యం నేను పెద్దవాళ్లలో కూడా చూడలేదు. కొన్ని వారాలకు కొత్త రక్తం పుడుతోందని డాక్టరమ్మ చెప్తే, నాన్న గోడకానుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ తర్వాత కొన్నేళ్లకు చూపు తగ్గి నాన్న మగ్గం మానేశాడు. గుంట పూడ్చి గచ్చు చేయించాం. మొన్న ఆ గచ్చుమీద కూర్చుని చెల్లెలు కాలేజీ ఫారం నింపుతూ, బ్లడ్ గ్రూప్ దగ్గర నా గ్రూపు రాసింది. పుట్టినప్పుడు దానిది నాన్న గ్రూపు. నా మూలుగ నాటుకున్నాక మారిపోయింది. పుట్టుకతో వచ్చిన ఆ రక్తం ఇప్పుడు దాని ఒంట్లో ఒక్క బొట్టూ లేదు.

"లివరేమో అమ్మది, నెత్తురేమో అక్కది. ఇంక నాదేమున్నది బిడ్డా నీ కాడ?" అన్నాడు నాన్న నిష్ఠూరంగా.

చెల్లెలు తల కూడా ఎత్తలేదు.

"నేనున్న గద నాయినా."