చక్రానికి వేలు వేయనన్నాను

ఈ రోజు డుంబ్రిగుడ సంతలో ఒక గేలం కర్ర, దానికి దారం చుట్టే గుండ్రటి ఇత్తడి చక్రం కొన్నాను. ఊరు విడిచి వెళ్తూ ఒక దొర తన వంటవాడికి ఇచ్చేసినవట, వాడు అమ్మకానికి పెట్టాడు. చిన్న చక్రం, పెద్ద చక్రం రెండూ ఉంటే, నా అంతటివాడికి చిన్నదేమిటని పెద్దదే పట్టాను. సాయంత్రం వియ్యంకుడు భోజనానికి రావాల్సి ఉంది. చేపల పులుసు పెడతానని ముందే కబురంపేశాను.

"గేలం ఇసిరినప్పుడు దీనికి ఏలు ఎయ్యాల, తాతా" అన్నాడు వంటవాడు.

నాకు ఒళ్లు మండింది. ఈ వయసులో నాలుగు అక్షరాలు నేర్చుకున్నదే వేలిముద్ర తప్పించుకోవడానికి.

"ఏటిరా కూసావు? నాను సంతకం సేసీవోణ్ని. ఏలు ఎయ్యను!" అని అరిచి వచ్చేశాను.

మా ఊరి వాగు, గెడ్డలో గేలం విసిరాను. గేలం నీళ్లలో పడి ఆగింది, చక్రం ఆగలేదు. దారమంతా పిచ్చుక గూడైపోయింది. తిరిగే చక్రాన్ని బొటనవేలితో నొక్కిపట్టమన్నాడని అప్పుడు వెలిగింది.

ఆ చిక్కు చూసి మా ఇంటిది, "ఇయ్యంకుడికి దీన్నే పులుసెట్టీమంటావేటి?" అంది.

ఇప్పుడు వియ్యంకుడు పప్పన్నం తిని, అరుగు మీద కూర్చుని చిక్కు విప్పుతున్నాడు. సంతకం వచ్చినవాళ్లలో ఇలా చెడింది నేనొక్కణ్నేనా? ఇంకెవరైనా ఉంటే చెప్పండి. దీని కింద సంతకమే పెడుతున్నాను. చక్రానికి మాత్రం రేపు వేలు వేస్తాను.