శుక్రవారం గడప దాటని డేటా: కోవిల్‌పట్టి నుండి విరుదునగర్‌కు వట్టి చేతులతో

డేటాబేస్ నిర్వహణ, విపత్తు తరువాత సమాచారాన్ని తిరిగి నిలబెట్టుకొనే పద్ధతి, ఈ రెండూ బోధించడం నా వృత్తి. ఎవరి దగ్గరా కూర్చొని నేర్చుకున్న విద్య కాదు. చెడిపోయిన యంత్రాలను బాగు చేసుకుంటూ, చేసిన ప్రతి పనినీ వరుసగా వ్రాసుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను. అందుచేత నాలాగే నేర్చుకున్నవారు పిలిస్తే కాదనలేను. తమిళనాడులోని కోవిల్‌పట్టిలో వేరుశనగ మిఠాయి తయారుచేసే ఒక సంస్థ నుండి ఉమ అనే అమ్మాయి ఉత్తరం వ్రాసినప్పుడు, అటువంటి పిలుపే వచ్చిందని అర్థమైంది. పుదూరు పక్కన ఒక పల్లెలో కూలి చేసుకొనే తెలుగు కుటుంబం ఆమెది. మొదట మిఠాయిలకు కాగితం చుట్టే విభాగంలో చేరి, తీరిక వేళల్లో కార్యాలయపు కంప్యూటరు నేర్చుకొని, ఇప్పుడు సంస్థ ఆర్డర్లూ లెక్కలూ ఉండే డేటాబేస్‌ను ఒక్కతే చూసుకుంటోంది.

గత వర్షాకాలంలో పిడుగు పడి పాత కంప్యూటరు కాలిపోయింది. రెండు వారాల ఆర్డర్లు మళ్ళీ దొరకలేదు. ఉమ బాధ్యత తీసుకున్నది ఆ తరువాతే అయినా, యజమానికి భయం వదలలేదు. మొత్తం పని చెన్నైలోని ఒక కంపెనీకి అప్పగించాలనుకున్నాడు. ఉమ ఒక పరీక్ష అడిగింది: కోవిల్‌పట్టి యంత్రం లేనట్టే భావించి, విరుదునగర్ గోదాములోని కంప్యూటరులో డేటాబేస్ మొత్తాన్ని మధ్యాహ్న భోజనంలోపు నిలబెట్టాలి. నిలబడితే పని ఆమెది. లేకపోతే మళ్ళీ కాగితాలు చుట్టే విభాగం. నేను పరీక్షను రూపొందించి, పక్కన ఉండి, తీర్పు చెప్పాలి. ‘నా పని మీ చేతిలో లేదు సార్, నా చేతిలోనే ఉంది. మీరు చూస్తే చాలు’ అని వ్రాసింది. ఆ వాక్యం చదివిన వెంటనే టికెట్టు తీసుకున్నాను.

మా నెల్లూరు నుండి పగటి రైలులో చెన్నై చేరి, సాయంత్రం ఎగ్మోరులో ఎక్కితే తెల్లవారేసరికి కోవిల్‌పట్టి వస్తుంది. స్లీపరు టికెట్టు నాలుగు వందలకు కాస్త అటూ ఇటూ. అది ఆయుధ పూజ జరిగిన వారం కాబట్టి బెర్తు దొరకడమే కష్టమైంది. ఆ రోజుల్లో వెళ్ళదలచినవారు ముందుగానే చూసుకోవాలి. స్టేషను బయట ముప్ఫై రూపాయలకు రెండు ఇడ్లీలు, ఒక వడ, పక్క కొట్టులో కాఫీ. ఊరంతా బెల్లం పాకం వాసన. నల్లరేగడి నేల మీద పండిన వేరుశనగ ఈ ఊరికి వచ్చి మిఠాయి అవుతుంది. ఆ వాసన వెంట నడిచి నేను సంస్థకు చేరుకున్నాను. ముందు భాగం కార్యాలయం, వెనుక భాగం యజమాని ఇల్లు. యజమాని పేరు గోపాలసామి. అందరూ తమిళంలో ‘ముదలాళి’, అంటే యజమాని, అంటారు. మూడు తరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం. చదవడం, వ్రాయడం మాత్రం తమిళంలోనే.

నా ప్రణాళిక మూడు అంశాలది. ఒకటి, ముందు రోజు ఉమ తీసిన నకలు ఉన్న హార్డ్ డిస్కును నా సంచిలో పెట్టుకోవడం. రెండు, తొమ్మిదింటిలోపు బస్సు ఎక్కడం. మూడు, విరుదునగర్‌లో డిస్కు తగిలించి పని మొదలుపెట్టడం. మొదటి అంశం గడప దగ్గరే ఆగిపోయింది. ముదలాళి తల్లి, అందరూ అవ్వ అని పిలిచే ఎనభై ఏళ్ళ మనిషి, వాకిలికి అడ్డంగా నిలబడింది.

“సంచిలో లెక్క ఉండాదా?” అని అడిగింది.

ఉన్నదని చెప్పాను.

“నేడు వెళ్ళిక్కిళమ. దీపం పెట్టినాక లెక్క వాకిలి దాటి పోరాదు. లచ్చిమి పోతాది.”

వెళ్ళిక్కిళమ అంటే శుక్రవారం. శుక్రవారం ఉప్పు, పసుపు, డబ్బు ఇంటి నుండి బయటికి ఇవ్వని ఆచారం మనకూ తెలిసినదే. ఆ జాబితాలోకి హార్డ్ డిస్కును కూడా చేర్చిన ఇల్లు మాత్రం ఇదొక్కటే చూశాను. ముదలాళి కొంచెం సిగ్గుపడుతూ, సారు ఆంద్రా నుంచి అంత దూరం వచ్చినారమ్మా అని బతిమాలాడు.

“వచ్చినది మంచిదే. వచ్చేదాన్ని ఎవురు వద్దన్నారు? పోయేది రేపు పోనీ” అంది అవ్వ.

ఆ రాత్రికే నా తిరుగు రైలు. ముదలాళి ముఖంలో మాత్రం నాకు నచ్చని తేలిక కనిపించింది. పరీక్ష జరగకపోతే చెన్నై కంపెనీకి సరేననడం సులభమవుతుంది. విరుదునగర్‌లో ఇదివరకే ఏదైనా నకలు ఉందా అని ఉమను అడిగాను. ఈ ఇంటి ఆచారానికి తగ్గట్టే ఆమె పద్ధతి పెట్టుకుంది: శుక్రవారం సాయంత్రం పూర్తి నకలు తీసి, శనివారం ఉదయం డిస్కును బస్సు డ్రైవరు చేతికి ఇస్తుంది. విరుదునగర్‌లో గోదాము చూసుకొనే అంతోణి దాన్ని దించుకొని, పాత డిస్కును తిరుగు బస్సులో పంపుతాడు. పరీక్ష కోసమే గురువారం ప్రత్యేకంగా మరొక నకలు తీసింది. ఇప్పుడు నా సంచిలో ఉన్నది అదే. గోదాములో ఉన్నది గత శనివారం వెళ్ళినది. దాన్ని అక్కడ ఎవరూ, ఒక్కసారి కూడా, తెరిచి చూడలేదు.

ఉమ మెల్లగా అంది: “సార్, ఈ ఇల్లే కాలిపోతే ఈ పెట్టె మన చేతికి వస్తాదా? రాదు గదా. వట్టి చేతులతో పోదాము.”

ఆమె చెప్పింది నిజం. కాలిపోయిన ఇంటి నుండి డిస్కును సంచిలో వేసుకొని బయలుదేరే పరీక్ష పరీక్షే కాదు. ఇరవై ఏళ్ళుగా బోధిస్తున్న నేను వేసిన ప్రణాళికలోని మొదటి అంశాన్ని అవ్వ కొట్టివేసింది, అది కొట్టివేయవలసినదే. అయితే అవ్వ చెవులు చురుకైనవి.

“వెళ్ళిక్కిళమ పొద్దున ఆ మాట వద్దు, ఆడబిడ్డా” అని ఉమను గదమాయించి, దిష్టి తీస్తున్నట్టు మూడు సార్లు ఉమ్మినట్టు చేసింది. నేను సంచిలోని డిస్కు తీసి ఆవిడ చేతికే ఇచ్చాను. అప్పటి నుండి ఆ రోజంతా మేము విపత్తును ‘ఆ మాట’ అనే పిలిచాము.

ముదలాళి కూడా కారు వద్దని మాతో బస్సు ఎక్కాడు. డిస్కు వెళ్ళే దారి ఏమిటో తానూ చూస్తానన్నాడు. కోవిల్‌పట్టి నుండి సాత్తూరు మీదుగా విరుదునగర్ గంటా పావు ప్రయాణం. టికెట్టు యాభై రూపాయలలోపే. దారి పొడవునా నల్లని పొలాలు, అగ్గిపెట్టెల కర్మాగారాలు, ఎండబెట్టిన మిరపకాయలు. కండక్టరు ఎట్టయాపురం మనిషి. మా మాటలు విని తమిళం వదిలి ఇంటి తెలుగులోకి వచ్చేశాడు.

“ఏమ్మా ఉమా, వారవారం పెట్టె ఒంటిగా పోతాది, నేడు పెట్టె లేకుండా మనుసులు వచ్చినారు?”

“పెట్టె అవ్వ దగ్గర చిక్కుకున్నాది అన్నా.”

“దానికైతే టికెట్టు లేదు. మీకు ముగ్గురికీ ఉండాది” అన్నాడు. ముదలాళి నవ్వుతూనే డబ్బు తీశాడు. తన వ్యాపారం మొత్తం ప్రతి శనివారం డ్రైవరు సీటు పక్కన టికెట్టు లేకుండా ప్రయాణిస్తోందన్న సంగతి అతనికి అప్పుడే పూర్తిగా తెలిసినట్టుంది.

గోదాములో అంతోణి మమ్మల్ని ఆదరంగా లోపలికి పిలిచాడు. అతనిదీ తెలుగు మాట్లాడే క్రైస్తవ కుటుంబం. అక్కడ చర్చిని మాతా కోవిలు అంటారు. డిస్కు ఎక్కడ అని ఉమ అడగగానే గర్వంగా గోడ మీది అరను చూపించాడు. తూకం యంత్రం, బస్తాలు కుట్టే సూది, రెండు కత్తెరలు, వాటి మధ్య వాడిన బంతిపూల దండతో మా డిస్కు. ఆయుధ పూజ నాడు పనిముట్లన్నిటితోపాటు దానికీ పూజ జరిగింది. గంధం నిండుగా పూశారు. తీగ తగిలించే రంధ్రమే బొట్టు పెట్టడానికి అనువుగా కనిపించినట్టుంది. గంధమూ కుంకుమా అందులో గట్టిగా బిగుసుకుపోయాయి.

“అన్నా, నువ్వు మాతా కోవిలుకు పోయే మనిషివి గదా. ఈ పూజ నీకు ఎవురు చెప్పినారు?” అంది ఉమ.

“నా కోవిలు నాది. యంత్రం అందరిదీ గదా పాపా” అన్నాడు అంతోణి.

ముదలాళి నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. సహాయం చేయకూడదన్నది నియమం. ఉమ బస్తాలు కుట్టే సూది తీసుకొని, పక్క మందుల షాపు నుండి దూదీ స్పిరిటూ తెప్పించి, కిటికీ దగ్గర కూర్చొని పొడి గంధాన్ని రేణువు రేణువుగా తీసింది. తొందరపడలేదు. తగిలించినప్పుడు మొదట ఏమీ కాలేదు. మళ్ళీ తుడిచి, మళ్ళీ తగిలించింది. డిస్కు మీది చిన్న దీపం వెలిగింది. అంతోణి శిలువ గుర్తు వేసుకున్నాడు.

పూర్తి నకలు ఎక్కడానికి ముప్పావు గంట పట్టింది. ముదలాళి వేళ్ళు మడిచి లెక్కపెట్టి, “అయితే ఇది పోయిన వారందే. ఈ వారం ఆర్డర్లు పోయినట్టే గదా?” అన్నాడు. అందుకు ఉమ జవాబు సిద్ధంగా ఉంది. ప్రతి మధ్యాహ్నమూ, ప్రతి సాయంత్రమూ ఆనాటి మార్పుల చిట్టాను మాత్రం ఇంటర్నెట్టు మీద ఈ గోదాము కంప్యూటరుకు పంపుతోంది. వాటిని వరుస తప్పకుండా ఒకదానిపై ఒకటి ఎక్కించాలి. మధ్యలో ఒక్కటి లేకపోయినా ఆ తరువాతివేవీ పనికిరావు. శనివారంతో మొదలుపెట్టి గురువారం సాయంత్రం దాకా ఒక్కొక్కటే ఎక్కించింది. ఏదీ తప్పిపోలేదు.

నేను తీర్పు చెప్పబోయేలోపు ముదలాళి చెయ్యెత్తి ఆపాడు. “నిన్న సాయంత్రం కయత్తారు ఊరి కొట్టువాడు ఫోను చేసినాడు. నేనే ఎక్కించినాను. అది ఉండాదా, చూపించు.”

ఉమ వెతికింది. తెర మీద ఆఖరి వరుసలో కయత్తారు కొట్టు పేరు, ముదలాళి స్వయంగా టైపు చేసిన అక్షరదోషంతో సహా, ఉన్నది ఉన్నట్టు కనిపించింది. ముదలాళి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెన్నైవాళ్ళకు ఫోను చెయ్యాల, రావద్దని, అన్నాడు. ఉమ వేలికి అంటిన గంధాన్ని చూసుకుంటూ నవ్వుతూనే ఉంది.

విరుదునగర్ వెళ్ళి నూనె పరోటా తినకుండా రాకూడదు. బస్టాండు దగ్గరి చిన్న హోటలులో నూనెలో కరకరలాడేలా వేయించి, పైన సాల్నా అనే వేడి మసాలా పులుసు పోసి ఇచ్చారు. నలుగురికి నాలుగు వందలు దాటలేదు. వంటమనిషి అంతోణికి స్నేహితుడు. సంగతి విని ఉమకు ఒకటి అదనంగా వేశాడు. ముదలాళి ఇంటికి ఒక పొట్లం కట్టించాడు.

తిరిగి వచ్చేసరికి అవ్వ వాకిలిలోనే ఉంది. ఒక్క చిన్న లోటు మిగిలిందని ఆవిడకు ఉమ చెప్పింది: తీగ మీద పోయినా పోవడం పోవడమే కదా అని శుక్రవారం చిట్టా మాత్రం తాను పంపడం లేదు, శుక్రవారం నాడే ‘ఆ మాట’ జరిగితే ఆ రోజు పని పోతుంది. అవ్వ పొట్లం అందుకొని ఆలోచించింది.

“ఆ ఊరి నుంచి ఏమైనా లోపలికి వస్తాదా, తీగలో?”

“వస్తాది అవ్వా. గోదాము అమ్మకం లెక్క వస్తాది.”

“అయితే ముందు దాన్ని రానీ. లచ్చిమి లోపలికి వచ్చినాక మనది పోనీ. శరేనా?”

ఉమ అప్పటికప్పుడే ఆ వరుసను యంత్రానికి చెప్పింది: శుక్రవారాల్లో మొదట రావడం, తరువాత పోవడం. ఆ సాయంత్రం విరుదునగర్ లెక్క వచ్చి చేరింది, వెంటనే కోవిల్‌పట్టి లెక్క గడప దాటింది. అవ్వ దీపం ముందు కూర్చొని పరోటా తింటోంది.

ఎన్నో ఊళ్ళలో ఎన్నో నియమాలు బోధించాను. అవి మనుషుల అలవాట్లకు అడ్డుపడితే మనుషులనే తప్పుపట్టాను. ఈ ఇంట్లో ఒక అలవాటు నా పరీక్షను నిజమైన పరీక్షగా మార్చింది. మరొక అలవాటు దాదాపు దాన్ని చెడగొట్టింది. రెండూ ఒకే భక్తి నుండి వచ్చాయి: ఈ వస్తువు విలువైనదన్న నమ్మకం నుండి. ఆ నమ్మకం ఉన్నచోట మిగిలినదంతా సూదితో గీకి సరిచేసుకోవచ్చు. రైలు కదిలేటప్పుడు నా ప్రణాళికను మరొకసారి చూసుకొని, మొదటి అంశాన్ని ఆనందంగా మార్చి వ్రాశాను.

మీరూ ఇటువంటి పరీక్ష కోసం ప్రయాణం కడితే ఒక్క సలహా: వట్టి చేతులతో బయలుదేరండి. అవతలి ఊరిలో ఉన్నదే మీ అసలు నకలు. పైగా, కోవిల్‌పట్టి నుండి తిరిగి వచ్చేటప్పుడు మిఠాయి పొట్లాలకు సంచిలో చోటు కావాలి.