మెట్ల దగ్గర రెండు ముడులు

మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక్క వాసం పాతండని ఆ ముసలివాళ్ళ ఆశ్రమం వాళ్ళను నేను అడగడం మొదలుపెట్టి ఐదేళ్ళయింది. వాసం ఇప్పటికీ లేదు. మా మావ కూడా లేడు. పోయిన బుధవారం పొద్దున్న ఆ మెట్ల మీంచే పడి చనిపోయాడు.

కబురు మా కళింగపట్నం బస్సు కండక్టరు తెచ్చాడు. నేను ఒడ్డున కూర్చుని చిరిగిన వల అల్లుకుంటున్నాను. "తాతా, మీ మావ పోయినాడంట. నాతోటి బయలెల్లు," అన్నాడు. శ్రీకాకుళంలో బస్సు మారి, విజయనగరం దారిలో ఉన్న ఆ ఆశ్రమానికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన్ని వసారాలో పడుకోబెట్టి, తలకు తుండుగుడ్డ చుట్టి ఉంచారు. మేనేజరు పుస్తకంలో రాసినది నేను కూడబలుక్కుని చదివాను. 'కారణం వృద్ధాప్యం' అని ఉంది. వృద్ధాప్యం ఎవరినీ మెట్ల మీంచి తోయదు. ఆ మాట అక్కడే మేనేజరుతో అన్నాను. ఇప్పుడు మీ అందరితో అంటున్నాను.

ఆయన మా అమ్మకు తమ్ముడు. పడవకు తండేలు, అంటే పడవ ఎటు పోవాలో, ఎప్పుడు వల దించాలో చెప్పే పెద్ద. నాకు పని నేర్పింది ఆయనే. కొత్తలో ఒకసారి తిరిగి వస్తుంటే మంచు పట్టేసింది. ఒడ్డెక్కడో తెలియదు. నేను భయపడి అటూ ఇటూ చూస్తున్నాను. ఆయన వచ్చి తన అరచెయ్యి నా కళ్ళకు అడ్డం పెట్టి, లోతు చూసే తాడు నా చేతిలో పెట్టాడు. కొసన రాయి కట్టి నీళ్ళలోకి దించే తాడది. బారకొక ముడి ఉంటుంది.

"ఏటి సూస్తన్నావురా? మంచులో ఏటి కనబడతాది? ముడులు లెక్కెట్టు."

"మూడు, మావా."

"మరింక భయమేటి? ఇసక దగ్గరకొచ్చేసినాం. కళ్ళు మోసం సేస్తాయి రా అల్లుడా. సేతికి తగిలిందే నమ్ము."

ఆ తరవాత నలభై ఏళ్ళు సముద్రం మీద తిరిగాను. మంచంటే మళ్ళీ భయపడలేదు.

ముడి సరిగా వెయ్యనివాడంటే ఆయనకు ఒళ్ళు మంట. విప్పేసి తాడు వాడి ముఖాన కొట్టేవాడు. "ఇది ముడేటిరా? ముసలమ్మ కొప్పులాగున్నాది!" అనేవాడు. అన్నం తినే ముందు లంగరు తాడు ముడి ఒకసారి తడిమి చూసుకోవాలి, అప్పుడుగాని కంచం ముందు కూర్చునేవాడు కాదు. పడవ మానేసిన తరవాత కూడా ఇంటి దూలానికి ఒక తాడు కట్టుకుని దాన్ని తడిమేవాడు. మేము నవ్వేవాళ్ళం.

మా అత్త పోయింది. పిల్లలు లేరు. తరవాత రెండు కళ్ళూ పోయాయి. నా ఇంటికి రమ్మన్నాను. "నీ పెళ్ళాం నా కంచం కాడ కాపలా కూకోవాల. ఆ మనిసికి పనులు లేవేటి? ఎక్కడో ముసలోళ్ళకి ఆశ్రమం ఉన్నాదంట, నన్నక్కడ దింపేయ్," అన్నాడు. నాకు కోపం వచ్చి రెండు నెలలు మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు. మా వంశంలో ఎవరూ ముందు తగ్గరు. చివరికి నేనే తీసుకెళ్ళి దింపాను.

ఆ ఇంటికి పొడుగాటి వసారా, దాని చివర మూడు రాతి మెట్లు, కింద వాకిలి, వాకిలి కొసన మరుగుదొడ్డి. పన్నెండుమంది ముసలివాళ్ళు పొద్దున లేచి ఆ మెట్లు దిగే వెళ్ళాలి. అరిగి నున్నబడిపోయిన రాళ్ళు, వానాకాలం పాకుడు. మొదటి రోజే నేను జారాను, సముద్రంలో ఊగే పడవ మీద నిలబడేవాణ్ణి. అప్పుడే మేనేజరును అడిగాను.

"బాబూ, ఒక సరుగుడు వాసం నేనే తెస్తాను. నేనే పాతుతాను. మీకేటీ శ్రమ లేదు."

"కమిటీ తీర్మానం కావాలయ్యా. తీర్మానం లేకుండా ఇక్కడ మేకు కూడా కొట్టకూడదు."

"తీర్మానం ఎప్పుడవుతాది?"

"కమిటీ కూర్చున్నప్పుడు."

కమిటీ ప్రతి నెలా మొదటి సోమవారం కూర్చుంటుంది. ఐదేళ్ళలో మొదటి సోమవారాలు ఎన్నొచ్చాయో మీరే లెక్కపెట్టుకోండి. ధర్మానికి అన్నం పెడుతున్నాం, ఇంకా వంకలు పెడతావా అని కమిటీలో ఒక పెద్దమనిషి నన్ను కసురుకున్నాడు కూడా. ధర్మం చేసేవాడిని ఏదీ అడగకూడదట. బస్సుకు బ్రేకు పడుతుందో లేదో చూడడానికి ఆఫీసరున్నాడు. కొట్లో తూకంరాళ్ళు చూడడానికి ఆఫీసరున్నాడు. పన్నెండుమంది ముసలివాళ్ళు కాలు పెట్టే మెట్టు ఎలా ఉందో చూడడానికి మాత్రం ఏ ఆఫీసరూ లేడు.

మావ నా గొడవంతా విని, "ఆళ్ళని అడగడం మానీ. తాడు తే," అన్నాడు. తాడు కట్టడానికి మేకు అక్కర్లేదు కదా. తీసుకెళ్ళాను. ముడులు ఆయనే వేశాడు. ఆయన మంచం దగ్గర మొదలుపెట్టి, వసారా స్తంభాలకు చుట్టి, వాకిట్లో గుంజకు, అక్కణ్ణుంచి మరుగుదొడ్డి తలుపు దాకా నేను కట్టాను. మెట్ల అంచున రెండు ముడులు, అవి చేతికి తగిలితే ఆగి కాలు కిందికి దించాలని గుర్తు. కింద మలుపు దగ్గర మూడు. తలుపు దగ్గర ఒకటి. వారం తిరక్కుండా మోకాళ్ళు పట్టేసినవాళ్ళు కూడా ఆ తాడే పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. అందరూ అప్ప అని పిలిచే ఒక ముసలావిడ ఉంది. ఆయన వెళ్తుంటే వెనక నుంచి కేకేసేది.

"ఓ తండేలూ, పడవ ఏ రేవుకెల్తన్నాది?"

"దొడ్డికే అప్పా. గాలి బాగున్నాది, నువ్వూ ఎక్కు!"

"నీ పడవెక్కితే మునిగిపోతాను నాయనా!"

ముడుల సంగతి నేను మేనేజరుకు చెప్పాను. "మీ పడవ పాఠాలు ఇక్కడెందుకయ్యా," అని నవ్వాడు. ఆయన ఒక్కడికి చెప్పి ఊరుకోవడం నా తప్పు. అక్కడున్న ప్రతివాడికీ చెప్పి ఉండవలసింది. ఆ తప్పు నాది, ఎవరి మీదా పెట్టను.

పోయిన మంగళవారం నాడు ఎవరో పెద్దలు ఆశ్రమం చూడడానికి వస్తారని ముందే కబురొచ్చింది. సోమవారం గోడలకు సున్నం వేయించారు. బట్టలారేసే తాడులా అసహ్యంగా ఉందని మావ తాడు విప్పించారు. పెద్దలు వచ్చారు, దండలు వేయించుకున్నారు, వెళ్ళిపోయారు. మంగళవారం సాయంత్రం మేనేజరు కూలివాడి చేత తాడు మళ్ళీ కట్టించాడు. అటు కొస ఇటు, ఇటు కొస అటు. వాడికి అది ఉత్త తాడు. వాడిని నేను ఏమీ అనను, వాడికి ఎవరు చెప్పారు గనక?

ఇదంతా నాకు అప్ప చెప్పింది.

"నాకు కళ్ళున్నాయి, సూసుకుని దిగినాను. తండేలు సేతినే నమ్మినాడు. తాడు నున్నగా జారతన్నాది గదా, మెట్లింకా దూరమనుకున్నాడు. ఓలమ్మో, ఎంత ధీమాగా నడిసినాడనుకున్నావు! నాను కేకేసేలోగానే అడుగేసేసినాడు."

నేను వెళ్ళి మెట్ల అంచున నిలబడి, కళ్ళు మూసుకుని తాడు పట్టుకున్నాను. నున్నగా ఉంది. ఒక్క ముడి లేదు. ఆ రెండు ముడులూ ఎక్కడో వాకిట్లో, మెట్లు దాటిపోయిన తరవాత తగిలాయి. చేతికి తగిలిందే నమ్మమని నాకు నేర్పినవాడు, జీవితమంతా దాన్నే నమ్మినవాడు, దాన్ని నమ్మే పడిపోయాడు.

తల ఎత్తితే ఎదురుగా కొత్త సున్నం గోడ మీద కమిటీ పెద్దల పటాలు కొత్తగా వేలాడుతున్నాయి. తొమ్మిది పటాలు, తొమ్మిది మేకులు. వీటికి తీర్మానం ఎప్పుడయిందని మేనేజరును అడిగాను. ఆయన పుస్తకం మూసేసి లోపలికి వెళ్ళిపోయాడు.

తాడు నేను విప్పి తెచ్చుకోలేదు. ఇంకా పదకొండుమంది ఉన్నారక్కడ. కొసలు సరిచేసి, ఏ ముడి ఎక్కడుండాలో ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని చూపించి, మళ్ళీ కట్టాను. వానకు నానిన కొబ్బరి తాడు ఎన్నాళ్ళుంటుంది? అది వాసం కాదు.

వచ్చే సోమవారం కమిటీ కూర్చుంటుంది. నేను భుజాన సరుగుడు వాసం పెట్టుకుని వస్తున్నాను. వాసం ఎందుకు పాతలేదో, తాడు ఎవరు విప్పమన్నారో, ఆ పుస్తకంలో వృద్ధాప్యమని ఎందుకు రాశారో, ఈ మూడింటికీ ఆ రోజు పొద్దు కుంకేలోగా నా ముఖం మీద జవాబు చెప్పాలి.

నేను బయలుదేరేటప్పుడు వెనక్కి తిరిగి చూశాను. అప్ప వసారా అంచున నిలబడి ఉంది. ఒక చెయ్యి ఆ రెండు ముడుల మీద ఉంది. ఒక కాలు గాలిలో చాపి మెట్టు కోసం వెతుక్కుంటోంది. కమిటీవారూ, ఆ కాలు ఇంకా కింద ఆనలేదు. సోమవారం జవాబు చెప్పండి.