కొవ్వొత్తి ముందు అడిగే ప్రశ్న

నిన్న కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించాను. ఆ వాసనకు మనసు కుదురుగా ఉండనంటోంది. మిషన్ బడిలో చదివిన నా ఈడు వాళ్లారా, మీకూ ఇలాగే అవుతుందా?

అరవైలలో, ఆదిలాబాద్ జిల్లా బొగ్గుగనుల కాలనీలో మా బడి. అర్థం తెలియకపోయినా లాటిన్ పాటలు గొంతెత్తి పాడేవాళ్లం. అవన్నీ మరిచిపోయాను. ఇంటికి పంపే ముందు సిస్టరమ్మ కొవ్వొత్తి వెలిగించి, మమ్మల్ని కళ్లు మూసుకోమనేది. అది మాత్రం నన్ను వదలలేదు.

"ఈ రోజు చేయగలిగీ చేయని మంచి ఏమిటి? మిమ్మల్ని మీరే అడగండి. జవాబు ఎవరికీ చెప్పవద్దు" అనేది.

ఈ సంగతి వింటే మా అవ్వకు, అంటే అమ్మకు, ఒళ్లు మండేది.

"కండ్లు మూసుకొని కూసునుడు గూడ సదువేనా? రేపటి సంది పిల్లను సర్కారు బడికి తోల్తా" అని బాపుతో కొట్లాడేది.

ఒకనాడు గనిలో పైకప్పు కూలింది. బాపు పక్కన పనిచేసే, నేను కాక అని పిలిచే మల్లయ్య ఆసుపత్రి పాలయ్యాడు. బాపు ఇంటికి వచ్చి, ముఖం మీది మసైనా కడుక్కోకుండా గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

"బువ్వ తినవా?" అంది అవ్వ.

"జర ఆగు. బిడ్డ సదువు సదువుతున్న."

ఆ రోజు నుంచి అవ్వ సర్కారు బడి ఊసు మళ్లీ ఎత్తలేదు.

బాపు కళ్లు తెరిచాక దగ్గరికి పోయి అడిగాను. "ఏం జవాబచ్చింది బాపు?"

"ఎవ్వలకు చెప్పద్దన్నది గద బిడ్డా, మీ సిస్టరమ్మ."

చివరికి చెప్పకుండానే కాలం చేశాడు. కరెంటు వచ్చి చాలాసేపైనా, నిన్న ఆ కొవ్వొత్తిని ఆర్పలేకపోయాను.