పెద్దత్త గ్రైండరు, మా మణి

దయ్యాలూ గాలీ ధూళీ అని ఎవరైనా మొదలుపెడితే ముఖం మీదే నవ్వేసే మనిషిని నేను. ఇప్పటికీ నాకు భయం కన్నా అసహ్యమే ఎక్కువ. ఆ వాసన తలుచుకుంటే చాలు, చెయ్యి ముక్కు మీదికి పోతుంది.

మాది కోయంబత్తూరు, ఆర్.ఎస్. పురం వెనక వీధి. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. ఇంట్లో మా అత్త, మా ఆయన, నేను, మణి. మణి మా కుక్క. వానలో తడుస్తూ దొరికితే నేనే తెచ్చి పెంచాను.

అత్తకు ఒక అక్క ఉండేది. నేను పెద్దత్తా అని పిలిచేదాన్ని. ఆమె పోయాక ఆమె గ్రైండరు మా ఇంటికొచ్చింది. పోయినావిడ గురించి అనకూడదు గానీ, ఆమె వంటింటి పద్ధతి చూస్తే నాకు ఒళ్ళు మండేది. నోట్లో పొగాకు పెట్టుకునే మావు తోసేది. రుబ్బిన పిండిని మేము మావు అంటాము. చేతికంటింది చీరకో, గోడకో, పక్కనున్న పిల్లల వీపుకో తుడిచేసేది. అయినా చుట్టాలంతా ఆ చేతి ఇడ్లీలనే మెచ్చుకునేవాళ్ళు.

మాలో రుబ్బే రాయి చేతులు మారితే ముందు తవుడు వేసి తిప్పి, ఆ తవుడు పారబోసి, ఆ తర్వాతే బియ్యం పోస్తారు. అత్త ఒప్పుకోలేదు.

"వద్దమ్మా, అక్క చెయ్యి పోతాది" అంది.

రాయి కింద సందులో పాత మావు నల్లగా, పచ్చగా పట్టుకుని ఉంది. వేలు పెడితే జిగట. ఛీ, దాని మీదే కొత్త బియ్యం పోసింది.

మణికి మొదటినుంచీ చప్పుడంటే భయం. మిక్సీ వేస్తే మంచం కింద దూరేది. గ్రైండరు వచ్చాక మరీ ఘోరం. స్విచ్ వేయకముందే వణికిపోయి, చొల్లు కార్చి, వంటింటి గడపలోనే ఉచ్చ పోసేది. అత్తకు విసుగొచ్చింది. దాన్ని మా తోటకు పంపించేయమంది. ఆ తోట కొండ అడుగున ఉంది. అక్కడ కట్టేసిన కుక్కల్ని చిరుత ఒకదాని తర్వాత ఒకటి ఎత్తుకుపోయింది. మణి పోతే తిరిగి రాదని ఇంట్లో అందరికీ తెలుసు.

నేను పట్టుబట్టి అలవాటు చేశాను. మిక్సీని దూరం గదిలో తిప్పించి, చప్పుడు వినబడేటప్పుడే ఉడికిన గుడ్డు ముక్కలు పెట్టేదాన్ని. చప్పుడు ఆగితే గుడ్డూ ఆగేది. మెల్లమెల్లగా దగ్గరికి తెచ్చాను. మిక్సీ భయం పోయింది, వాషింగ్ మెషీన్ భయం కూడా పోయింది. గ్రైండరు దగ్గర మాత్రం ఏ గుడ్డూ పనిచేయలేదు. ప్లగ్ పీకి ఉన్నా దాని వంక చూసి మూలిగేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం. మా ఆయన దిండిగల్ వెళ్ళాడు. అత్త బియ్యం పోసి, గ్రైండరు వేసి, ముందు వరండాలో మల్లెపూలు కడుతోంది. నేను హాల్లో మణిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి దాని వణుకు ఆగిపోయింది. లేచి, తోక ఊపుకుంటూ నేరుగా గ్రైండరు పక్కకు పోయి పడుకుంది.

గడపలో నిలబడి చూశాను. మణి మెడ దగ్గర వెంట్రుకలు అణిగాయి. ఆ అణుగుడు మెల్లగా తోక దాకా జరిగింది. మళ్ళీ మెడ దగ్గర మొదలైంది. ఫ్యాను తిరగడం లేదు, కిటికీ మూసి ఉంది. మణి మాత్రం హాయిగా కళ్ళు మూసుకుంది.

స్విచ్ ఆపి దగ్గరికి పోయాను. దాని వీపు మీద వేళ్ళు తుడిచినట్టు మావు చారలు. అప్పుడే రుబ్బింది కాదు, పులిసి కుళ్ళిన మావు. పైగా పొగాకు కంపు. ముట్టుకున్న పాపానికి సింకులో వాంతి చేసుకున్నాను.

అత్తను పిలిచాను. ఆమె చేతులు పొడిగా ఉన్నాయి. వంగి వాసన చూసి, ఆ చారల్ని వేలితో తీసి కళ్ళకు అద్దుకుంది.

"అక్క ఈడనే ఉండాది" అని ఏడ్చింది.

నాకు మళ్ళీ వాంతి వచ్చింది.

ఆ రోజు నుంచి మణికి ఏ చప్పుడూ లెక్కలేదు. తోట మాట అత్త ఎత్తడం లేదు. గ్రైండరు వేసినప్పుడల్లా మణి అక్కడే పడుకుంటుంది. తర్వాత నేను ముక్కుకు గుడ్డ కట్టుకుని దాని వీపు కడుగుతాను. మావు చిందిందంటాడు మా ఆయన. చిందిన మావు వరసగా చారలెలా కడుతుంది, కొత్త మావు కుళ్ళిన కంపెలా కొడుతుంది అని అడిగితే పేపరు పట్టుకుని వరండాలోకి పోతాడు.

మొన్న ఆయనే ఆ రాయిని పీకి, యాసిడ్ పోసి శుభ్రం చేయిస్తానన్నాడు. వద్దన్నది నేనే. కడిగాక మణి మళ్ళీ వణికితే ఏం చేసేది? ఆ ఇడ్లీలు నేను ముట్టను. ఆ రాయిని మాత్రం ఎవరినీ తోమనివ్వను.