ఆఖరి మూర

మధ్యాహ్నం కునుకు పట్టే వేళకు ఇప్పటికీ నా చెవిలో ఎవరో "నంబర్ ప్లీజ్" అంటారు. ఆ గొంతు నాదే. ఇరవై దాటిన కొత్తల్లోని గొంతు. అప్పుడు దానికి బొంగురు లేదు, ఇంత కోపమూ లేదు. కళ్ళు మూసుకుంటే ఎదురుగా ఆ చెక్క బోర్డు నిలబడుతుంది. దాని మీది చిన్న చిన్న రేకు మూతలు టక్కు టక్కున రాలుతుంటాయి. మూత రాలిన చోట ఎవరో మాట్లాడాలని కాచుకుని ఉంటారు. తీగ తీసి అక్కడ గుచ్చి, వాళ్ళకు కావలసిన మనిషితో కలుపుతాను. అక్కడికి మెలకువ వచ్చేస్తుంది.

ఆ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి ఉన్న ఊరి పేరు చెప్పను. తిరుత్తణికీ తిరువళ్ళూరుకీ మధ్య ఎక్కడో ఉంది, రైలు దిగి కాస్త నడిస్తే వస్తుంది, అంతే చాలు. మా ఇల్లు తిరుత్తణిలో, మగ్గాల వీధిలో. తెల్లారితే ఇంటింటా మగ్గాల మీద పోగు మోసుకుని నాడె అటూ ఇటూ ఆడే చప్పుడు, ఆ తర్వాత రైలు చప్పుడు, ఆఫీసు చేరితే మూతలు రాలే చప్పుడు. నాకు మూడూ ఒకే చప్పుడుగా ఉండేవి. ఎండ వేళకు ఊరు సద్దుమణిగాక హెడ్‌సెట్టు పెట్టుకుని కూర్చుంటే, ఖాళీ తీగలో గాలి హోరు లాంటిది వినబడేది. అది పొన్నేరి వరిచేల మీది గాలి అనుకునేదాన్ని. కాదనేవాళ్ళు ఎవరున్నారు గనక.

బోర్డు తెరిచిన రోజు దానికి పసుపు, కుంకుమ పెట్టి, మొదటి తీగ నా చేత గుచ్చించారు. మా వీధి లెక్కలో అది చిన్న సంగతి కాదు. మా దగ్గర పడుగు ఎవరు మొదలుపెడితే నేసిన గుడ్డ మగ్గం మీంచి వాళ్ళే కోయాలి. నడుమ జ్వరమో పురుడో వచ్చి మంచాన పడితే, మగ్గం ఊరికే ఉండకూడదని ఇంకెవరైనా దాని కింది గుంతలో దిగి నేస్తారు. తమ్ముడో, పక్కింటి వదినో, ఎవరైనా సరే. ఆఖరి మూర మటుకు నేయకుండా మిగులుస్తారు. మంచాన పడ్డ మనిషి లేచి వచ్చి ఆ మూర నేసి, తన చేత్తో గుడ్డ కోసుకుంటాడు. అంతవరకూ నేసినవాళ్ళు మారుమాట లేకుండా లేచి చోటిస్తారు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. లోకమంతా ఇలాగే నడుస్తుందని నేను అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

డెబ్బైల చివర్లో ఒక ముసురు రోజు, డ్యూటీలో ఉండగా, బ్యాటరీల గది కప్పు కారుతోందని చూడబోయి తడిసిన మెట్ల మీద జారాను. కుడి మోచెయ్యి విరిగింది. తిరువళ్ళూరు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. మత్తులో నాకు పెద్ద మగ్గం కనబడింది. దాని పడుగు పోగులన్నీ టెలిఫోన్ తీగలు, ఒక్కో పోగు చివర ఒక్కో గొంతు. ఎవరి మాటా అర్థం కాలేదు గాని ఎవరూ కోపంగా లేరు. అంత సుఖమైన కల నాకు మళ్ళీ రాలేదు.

మత్తు దిగాక మా ఆఫీసరు చూడడానికి వచ్చాడు. వెంట కొత్తగా చేరిన టెంపరరీ పిల్ల ఉంది. పళ్ళిపట్టు నుంచి వచ్చింది, వాళ్ళదీ మగ్గాల ఇల్లే. నా కట్టు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇక బోర్డు ఎవరు చూసుకుంటారోనని ఆఫీసరు దిగులు పడ్డాడు. అప్పుడు ఆయన ఎదురుగానే ఆ పిల్లతో అన్నాను.

"నా సీట్లో నువ్వు కూర్చో పాపా. ఖాళీగా ఉండగూడదు."

ఆ పిల్ల తలూపింది. ఆఫీసరు తెలుగు వచ్చిన మనిషే, సంతోషించాడు. నేను చెప్పిందాంట్లో మిగిలిన సగం ఆ పిల్లకు తెలుసు. ఆయనకు తెలీదన్న ఊహే నాకు రాలేదు.

కట్టు విప్పాక చిటికెన వేలూ ఉంగరపు వేలూ వంగలేదు. పనికి పోవచ్చని డాక్టరు చెప్పాడు. ఎక్స్‌ఛేంజికి వెళ్ళి తిన్నగా నా కుర్చీ వెనక నిలబడ్డాను. మా వీధిలో అయితే అంతకు మించి ఏమీ చెయ్యక్కర్లేదు. ఆ పిల్ల సగం లేచి, ఆఫీసరు వంక చూసి, మళ్ళీ కూర్చుంది. ఆయన నన్ను వెనక వరండాలో ఒక బల్ల దగ్గరికి తీసుకుపోయాడు. చెడిపోయిన ఫోన్ల ఫిర్యాదులు రాసుకునే బల్ల అది. కష్టపడ్డ చెయ్యి, విశ్రాంతి ఇవ్వమన్నాడు. బోర్డు మీదికి ఎప్పుడు పంపుతారని అడిగితే, బోర్డుకు నిండు చెయ్యి కావాలమ్మా అని జాలిగా చెప్పాడు. తీగ పట్టుకోవడానికి మూడు వేళ్ళు చాలు, కావాలంటే చూడండి అన్నాను. నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వుకు నా ఒళ్ళు మండిపోయింది.

అంతకు ముందే మా లైన్‌మన్ ఒకాయన స్తంభం మీంచి పడి కాలు విరిగి, కుంటుకుంటూ తిరిగి వచ్చాడు. ఆయనను ఎవరూ వరండాలో కూర్చోబెట్టలేదు. మళ్ళీ స్తంభమే ఎక్కాడు, అందరూ భుజం తట్టారు. మగవాడి కుంటికాలు స్తంభం ఎక్కవచ్చునట, ఆడదాని వేలు వంగకపోతే తీగ గుచ్చకూడదట. ఇది వివక్ష అని, నా సీటు నాకు ఇప్పించమని పైవాళ్ళకు అర్జీ పెట్టాను.

జవాబు కోసం వరండాలో కూర్చున్న ఆ కాలం నాకు పొగమంచులో నడిచినట్టు గుర్తుంది. గోడకు అవతల మూత రాలితే ఇవతల నా వేళ్ళు కదిలేవి. చప్పుడును బట్టి ఏ మూతో పోల్చుకునేదాన్ని. ఇది బియ్యం మిల్లు, ఇది పూలకొట్టు, ఇది స్టేషన్ మాస్టరు. ఆడి నెలలో, అదే ఆషాఢంలో, మొక్కు కావళ్ళు మోసుకుని తిరుత్తణి కొండకు పోయేవాళ్ళ గజ్జెలు రోడ్డు మీద వినబడేవి. ఆ గజ్జెలూ ఈ మూతలూ కలగలిసిపోయి, బల్ల మీద తల ఆనించుకుని ఎక్కడున్నానో మరిచిపోయేదాన్ని. ఎవరో ఫోన్ పనిచెయ్యలేదని వచ్చి తిడితే లేచేదాన్ని.

చివరికి తిరువళ్ళూరు ఆఫీసులో విచారణ పెట్టారు. విచారించిన పెద్దాయన మర్యాదస్తుడు, నాకు ముందు మంచినీళ్ళు తెప్పించాడు. ఆ అమ్మాయిని కూర్చోమన్నది మీరేనా అని అడిగాడు. నేనే అన్నాను. ఎవరైనా బలవంతం చేశారా అంటే లేదన్నాను. అప్పుడు ఆయనకు ఆఖరి మూర సంగతంతా చెప్పాను. ఆసక్తిగా విన్నాడు. మంచి ఆచారమేనన్నాడు, మా వైపు లుంగీలు బాగుంటాయని కూడా అన్నాడు. అందులో ఒక్క ముక్కా రాసుకోలేదు.

తర్వాత ఆ పిల్లను పిలిచాడు. ఈమె నిన్ను కూర్చోమన్నదా అని అడిగితే అవునంది. తిరిగి వచ్చి సీటు తీసుకుంటానని అన్నదా అని అడిగాడు. అది నా వంక చూసింది, తర్వాత నేల వంక చూసింది.

"ఆ మాట అనలేదు సార్."

నిజమే, నేను అనలేదు. మగ్గాల ఇంటి పిల్లకు అనాలా? అబద్ధం చెప్పి ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదు. సీటు నేనే ఇష్టపడి వదులుకున్నానని, జీతం తగ్గలేదు గనక వివక్ష లేదని తేల్చేశారు.

ఇంటికి వచ్చి నాన్నకు చెప్పాను. ఆయన గుంతలోనే కూర్చుని, నాడె ఆపి అంతా విన్నాడు. విచారణలూ అర్జీలూ ఆయనకు పట్టవు.

"అట్లయితే ఎవురు కోస్తారు?" అన్నాడు.

నాన్న మళ్ళీ నాడె ఆడించాడు.

ఆ తర్వాత కూడా అర్జీలు పెట్టాను, అన్నీ అలాగే తిరిగి వచ్చాయి. ఆ పిల్ల పర్మనెంటు అయింది, పెళ్ళయింది, బిడ్డ తల్లయింది. రోజూ వరండా దాటుతూ "అక్కా" అనేది. నేను గోడ వంక చూసేదాన్ని. అన్నేళ్ళు ఆ గోడను చూశాను, దాని మీద ప్రతి మచ్చా నాకు తెలుసు.

ఎనభైల్లో ఆటోమేటిక్ మిషను వచ్చింది. ఇక నంబరు ఎవరికి వాళ్ళే తిప్పుకోవచ్చు, బోర్డు అక్కర్లేదు. మార్చే రోజు సాయంత్రం, ముందు గదిలో మిషనుకు పూలదండ వేసి, అందరూ స్వీట్లు పంచుకుంటున్నారు. నేను వరండాలోంచి లేవలేదు. ఆ పిల్ల వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"అక్కా, ఇంకొక గంటే ఉండాది. మిగిల్చినాను. వచ్చి కొయ్యి."

అయినా నా కోపం ఎక్కడికీ పోలేదు.

"ఆ పొద్దు తిరువళ్ళూర్లో ఈ మాట యాడ పెట్టుకున్నావు?"

"భయమేసింది అక్కా. ఇంట్లో నా జీతమొకటే అప్పుడు. ఆఖరిది మటుకు నీకేనని ఆ పొద్దే అనుకున్నాను."

క్షమించానని చెప్పలేదు, ఇప్పటికీ చెప్పను. లేచి వెళ్ళాను. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. హెడ్‌సెట్టు పెట్టుకుంటే అదే గాలి హోరు, అదే వరిచేలు. పూలకొట్టు మూత రాలింది. "నంబర్ ప్లీజ్" అన్నాను. ఆ కొట్టాయన తిరుత్తణిలో వాళ్ళ బావను అడిగాడు. కుడిచేత్తోనే గుచ్చాను, వంగని వేళ్ళు రెండూ పక్కకు నిలబడి చూశాయి. ఆ గంటలో వచ్చిన పిలుపులన్నీ కలిపాను. ఆఖరికి మళ్ళీ ఆ పూలకొట్టాయనే, మల్లెల సంగతి బావతో ఎంతకీ తెమల్చడు. టైమైందని ముందు గదిలోంచి కేకేశారు. ఆయన మాట పూర్తయ్యేదాకా నేను ఆగాను. ఆ పిల్ల నా వెనక నిలబడే ఉంది. అప్పుడు తీగ లాగేశాను.

ఇంటికి వెళ్ళేసరికి నాన్న గుంతలో లేడు. ఆయనకు అప్పటికి చూపు ఆనడం లేదు, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బోర్డుకు అదే ఆఖరి రోజని పొద్దున ఆయనకు చెప్పి వెళ్ళాను. నా చెప్పుల చప్పుడు విని తలెత్తాడు.

"కోసినావా?" అని అడిగాడు.

"కోసినాను నాయనా" అన్నాను.