రుబ్బురోలు మీద నా ఫిర్యాదు

ఆ రోజుల్లో నాకు ఎవరిమీద కోపం వచ్చినా అది న్యాయమైన కోపమేనని గట్టి నమ్మకం. తిరుపతిలో ఫిజిక్సులో పరిశోధన చేస్తుండేవాణ్ణి. (చిత్తూరులో మా నాయన మాత్రం అడిగినవాళ్లందరికీ, మావాడు రాళ్లను పొడస్తా ఉండాడు అని చెప్పేవాడు.) అబద్ధమూ కాదు. బియ్యపు గింజంత స్ఫటికాన్ని యంత్రం కింద పెట్టి, పది గ్రాముల బరువుతో వజ్రపు మొనను దానిమీద ఆనించి, పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత పడిన గుంటను మైక్రోస్కోపులో కొలవాలి. వెంట్రుక మందంలో నాలుగోవంతు కూడా ఉండదది. గుంట చిన్నదైతే స్ఫటికం గట్టిది, పెద్దదైతే మెత్తనిది. నా గుంటలేమో పూటకో సైజు. ఒకరోజు పొద్దున మా గైడు సారు తనే కూర్చుని పది గుంటలు పెడితే, పదీ ఒక్క కొలతకు వచ్చాయి. శుక్రవారం లోపు నాకూ అలా రాకపోతే యంత్రం నా జూనియర్‌కు ఇచ్చేస్తానన్నాడు. రెండేళ్ల కష్టం. ఒళ్లు మండిపోయింది.

దోషి ఎవరో నాకు ఇట్టే తెలిసిపోయింది. మా ల్యాబు కిందే క్యాంటీను. నేను కొలిచే మధ్యాహ్నం వేళే అక్కడ వంటక్క మర్నాటి ఇడ్లీకి పిండి రుబ్బుతుంది. నేల అదురుతుంది, నా గుంట పెద్దదవుతుంది. బొమ్మ గీసి మరీ రెండు పేజీల ఫిర్యాదు రాశాను. రుబ్బడం ఆగింది. మూడు రోజులు డిపార్టుమెంటంతా ఉప్మా తిని నావైపు గుర్రుగా చూసింది. గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి. దొంగచాటుగా రుబ్బుతోందని తేల్చుకుని, గురువారం కిందికి దిగి వంటక్కను నిలదీశాను. ఆమె చేతులు తుడుచుకుని, ఆ పనేందో సూపించమంటూ నా వెనకే మెట్లెక్కింది.

నేను వజ్రాన్ని దించి ఊపిరి బిగబట్టాను. ఆమె యంత్రాన్ని చూడలేదు, బల్ల కిందికి చూసింది.

"కాలు ఆపు నాయనా."

"ఏం కాలు?"

"నీ కుడికాలే. కుట్టుమిషను తొక్కినట్టు తొక్కతా ఉండావు. బల్లంతా అదరతా ఉండాది."

స్టూలు మీద మఠం వేసుకుని మళ్లీ మొదలుపెట్టాను. పది గుంటలూ అచ్చు గుద్దినట్టు ఒకే సైజు. (అప్పుడు కూడా, ఇన్నేళ్లుగా నా కాలి సంగతి నాకు చెప్పనందుకు ఇంట్లోవాళ్లందరి మీదా కోపమే వచ్చింది.) శుక్రవారం సారు లెక్కలు చూసి, లోపం ఎక్కడుందని అడిగాడు. అదురు సార్, సరిచేశాను అన్నాను. ఎక్కడి అదురో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

వంటక్కను క్షమించమని అడుగుదామనే కిందికి దిగాను. తీరా నోరు తెరిస్తే, "అక్కా, ఇంక రుబ్బుకో" అని మాత్రం వచ్చింది, ఏదో వరం ఇస్తున్నట్టు. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. మర్నాడు ఇడ్లీలు పెట్టి, "తిను, నాలుగు దినాలకే మొగం వాడిపోయింది" అంది.

ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అంత కోపమూ, అదంతా న్యాయమేనన్న ధీమా, రెండూ నా దగ్గర ఇప్పుడు లేవు. ఉన్నన్నాళ్లూ మాత్రం బాగానే ఉండేది.